గోడ మీది పెద్దమ్మ

మొన్న మా అక్క మనవడు నా ఫోన్‌కు ఒక ఫోటో పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "అవ్వా, కొత్తింట్లో పెట్టేదానికి మా ముత్తవ్వ ఫోటో పెద్దగా చేపిస్తాండా. మరకలన్నీ తీసేసినారు. ఆ కాలం మనుషుల్లో నువ్వొక్కదానివే మిగిలినావు. ఈమె ఇట్లే ఉండేదా? మొహం ఏమన్నా మారిందా? చూసి చెప్పు" అన్నాడు.

చూసి చెప్తానని పెట్టేశాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పట్టుచీర, తల్లో కనకాంబరాలు, రెప్ప వేయని పెద్ద కళ్ళు. ఇన్నేళ్ళయినా, ఇంత ముసలిదాన్నయినా, ఆ మొహం చూడగానే నా కడుపు భగ్గున మండింది. నాకీ వయసులో బీపీ ఉంది, షుగర్ ఉంది, వాటికి మందులున్నాయి. ఈ మంటకు మాత్రం లేదు.

మా ఊరు మార్కాపురానికి ఎద్దులబండి మీద పొద్దున బయల్దేరితే ఎండ ముదిరేలోపు చేరే దూరం. గునపం వేస్తే మట్టికన్నా ముందు పలకరాయి తగిలే నేల. మా వాకిట్లో నడిస్తే కాళ్ళ కింద పలకముక్కలు గలగలమనేవి. నాయన జొన్నా కందీ పండించేవాడు, సేద్యం లేని రోజుల్లో పలకరాయిని బండికెత్తి రైలు స్టేషన్‌కు తోలేవాడు. ఇంట్లో నాయన, నాయన తల్లి అయిన మా జేజి, అమ్మ, అక్క, నేను.

అక్క మా అమ్మకు పుట్టలేదు. నాయన మొదటి భార్య, నాకు పెద్దమ్మ, అక్కను కని పురిట్లోనే పోయింది. ఆ తర్వాతే మా అమ్మ ఆ ఇంటికి వచ్చింది. పెద్దమ్మను నేను చూడనేలేదు, ఆ సంగతి అక్క మనవడికి తట్టినట్టు లేదు. మా ఇళ్ళల్లో అట్లా రెండో భార్యగా వచ్చినామె మెడలో తాళిబొట్టు కింద ఒక చిన్న బంగారు బిళ్ళ కట్టేవారు. సవతి బిళ్ళ అనేవాళ్ళు దాన్ని. పోయినామె అందులో ఉంటుందని నమ్మకం. దాని మీద కన్నూ లేదు, ముక్కూ లేదు, వట్టి గుండ్రటి రేకు. కొత్త చీర తెస్తే ముందు ఆ బిళ్ళకు తాకించి తర్వాతే అమ్మ కట్టుకోవాలి. పండక్కి భక్ష్యాలు చేస్తే మొదటి ముక్క ఆ బిళ్ళకు చూపించాలి.

చూపించిన ముక్కను బిళ్ళ తినదు కదా. అది అక్కకు పోయేది. నెయ్యి కారే ఆ మొదటి భక్ష్యం, పొయ్యి మీంచి దిగిన ఆ వేడి వాసన, అన్నీ అక్కకే. "దాని తల్లిది దానికి పెడితే నీకేందే అంత ఏడుపు?" అనేది జేజి. పెరుగు మీద మీగడ అక్కకు. మెత్తటి దుప్పటి అక్కకు. జేజి సంగతి సరే, అమ్మ కూడా అంతే. సవతి తల్లి అన్న మాట ఎవరి నోటా రాకూడదని అక్కకు ముందు స్నానం చేయించేది, ముందు అన్నం పెట్టేది. ఒకరోజు నేను మూతి ముడుచుకుని కూర్చుంటే దగ్గరికి తీసుకుని, "నువ్వు నా కడుపున పుట్టినదానివి. నీకు పెట్టేది ఆలీశమైతే నన్ను ఎవురూ ఏమీ అనరు. దానికి ఆలీశమైతే ఊరంతా అంటాది" అని చెప్పింది. అమ్మ అది ఓదార్పు అనుకుంది. నాకు మాత్రం ఇంకా మండింది.

అమ్మ ఒళ్ళో పడుకున్నప్పుడు ఆ బిళ్ళ నా ముక్కు మీద వేలాడేది. ఒకసారి దాన్ని పళ్ళ మధ్య పెట్టి గట్టిగా కొరికాను. జేజి చూసి, "ఆమెకు నొప్పి పుడ్తాదే ముండా!" అని అరిచింది. నొప్పి పుట్టాలనే కొరికాను.

అట్లాంటి ఇంటికి ఒక ఎండాకాలంలో పటాల సాయిబు వచ్చాడు. మార్కాపురంలో ఎవరో షావుకారు ఇంట్లో పెళ్ళి పటాలు తీయడానికి వచ్చినవాణ్ణి నాయన బండిలో ఎక్కించుకుని తెచ్చాడు. ఆయన ముసలివాడు, ఆయన పెట్టె ఆయనకన్నా ముసలిది. మూడు కర్రల మీద నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, అందులోకి తల దూర్చేవాడు. పటాలు కడిగే పనికి చీకటి కావాలంటే, కిటికీ లేని మా పలకల కొట్టు చూపించారు. ఆ కొట్టులోంచి వచ్చిన మందునీళ్ళ వాసన చాలా రోజులు పోలేదు, పుల్లగా, ఘాటుగా, పాడైన చింతతొక్కు వాసనలాగా ఉండేది.

మధ్యాహ్నం వసారాలో జొన్నసంకటి, గోంగూర తింటూ సాయిబు చాలా కబుర్లు చెప్పాడు. జేజికి ఆయన మాటలు బాగా నచ్చాయి.

"ఈ విద్య పుట్టిన కొత్తల్లో దొరల సీమలో వెండి పూసిన రేకుల మీద తీసేటోళ్ళంట అవ్వా. ఒక దొర మిద్దె మీద నుంచి బజారును తీసినాడు. బజారు నిండా గుర్రాలు, బండ్లు, జనం. రేకు కడిగి చూస్తే ఏముండాది? బజారంతా ఖాళీ! అప్పట్లో బొమ్మ పడేదానికి శానాసేపు పట్టేది. కదిలేదేదీ పడలా. ఒక్క మనిషి మాత్రం పడినాడు."

"ఎవురాయన?"

"బూట్లు తుడిపిచ్చుకుంటా ఒక్కచోట నిలబడినోడు."

"మరి తుడిచినోడు?"

"వాని చేతులు ఆడతా ఉంటాయి గదా అవ్వా. మసక మసగ్గా పడినాడంట."

జేజి సంకటి ముద్ద పక్కన పెట్టి నవ్వింది. "బాగుంది సాయిబూ. చేపిచ్చుకునేటోడు పడినాడు, చేసేటోడు పడలా!"

నాయన నవ్వలేదు. అప్పటిదాకా మాట్లాడనివాడు నెమ్మదిగా అడిగాడు. "గీసేది నువ్వు గాదు గదా? ఎండే గదా రాసేది?"

"ఎండేనన్నా. నాదేముండాది? ఎదురుగా ఏముంటే అది రాస్తాది. మనిషి గీస్తే అబద్ధం గీస్తాడేమో గాని, ఎండకు అబద్ధం తెలీదు."

"అయితే మా పెద్దామెను తియ్యి" అన్నాడు నాయన.

సాయిబుకు అర్థం కాలేదు. చనిపోయినామె అని తెలిశాక చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు. "సచ్చిపోయినామెను నేనెట్ల తీసేదన్నా?"

"ఆమె ఈడనే ఉండాది" అని నాయన అమ్మ మెడకేసి చూపించాడు. "ఆ బిళ్ళలో ఉండాది. ఉండాదనే గదా ఇన్నేండ్లుగా పెడతా ఉండాం, మొక్కతా ఉండాం. మా కండ్లకు కనపడకపోవచ్చు. ఎండకు కనపడదా?"

ఇప్పుడు ఎవరికైనా చెప్తే నవ్వుతారు. ఆ రోజు మా వసారాలో ఒక్కరూ నవ్వలేదు. అక్క అయితే స్తంభం పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. పుట్టిన దగ్గర్నుంచీ దానికి ఒకటే కోరిక, తల్లి మొహం చూడాలని. ఆ బిళ్ళను వేలితో తడుముతూ "ముక్కు యాడుండాది? కండ్లు యాడుండాయి?" అని అడిగేది చిన్నప్పుడు. నాకైతే భయం పట్టుకుంది. బిళ్ళగా ఉన్నప్పుడే మొదటి భక్ష్యం తింటోంది, ఇంక మొహం కూడా వస్తే మా గతేంటని.

అమ్మ లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని, పసుపు రాసుకుని, బొట్టు దిద్దుకుని వచ్చింది. ఎండ పడే గోడ దగ్గర నిలబడింది. "నా మొహం గూడా పడ్తాదా?" అని సాయిబును మెల్లగా అడిగింది.

"అన్న బిళ్ళ ఒక్కటే పెద్దగా కావాలంటాండాడు వదినా. పెట్టె దగ్గరికి జరపాల. మెడ కాడికే వస్తాది."

"కానీలే" అంది అమ్మ. అయినా పైటకొంగుతో మొహం ఇంకోసారి తుడుచుకుంది.

సాయిబు కొట్టులో ఆ పని చేస్తున్నంతసేపూ నేను బయట ఆయన సంచీ దగ్గర తచ్చాడాను. పటం అచ్చు దిగే కాగితాన్ని ఆయన నల్లగుడ్డలో చుట్టి పెట్టేవాడు. దాంట్లోంచి ఒక చిన్న ముక్క లాగేశాను. నన్నెవరూ తీయరని తెలుసు, నన్ను నేనే తీసుకుందామని. వాకిట్లో పలకబండ మీద ఆ ముక్క పెట్టి, దాని మీద నా అరచెయ్యి ఆనించి ఎండలో కూర్చున్నాను. బండ కాలుతోంది, చెయ్యి తీయలేదు. తీసి చూద్దును కదా, కాగితం చుట్టూరా ఎర్రగా మారి నల్లబడింది, మధ్యలో తెల్లగా నా చెయ్యి, అయిదు వేళ్ళూ! ఎగురుకుంటూ వంటింట్లోకి పరిగెత్తాను. "అమ్మా, నా పటం సూడు!" అమ్మ చేతికి సంకటి అంటుకుని ఉంది. కడుక్కుని, తుడుచుకుని, వాకిట్లోకి వచ్చి వెలుతురులో కాగితం పట్టుకుంది. వేళ్ళు అప్పటికే మసకబారాయి. చూస్తుండగానే నా చెయ్యంతా నల్లగా కలిసిపోయింది.

సాయిబు తిట్టలేదు. "సీమ దొరలకు గూడా మొదట్లో ఇట్లే అయ్యేదంట పాపా. బొమ్మ పడేది, నిలిచేది గాదు. పడేటట్టు చేసేదానికన్నా పోకుండా నిలిపేదానికే వాళ్ళకు ఎక్కువ కాలం పట్టింది" అన్నాడు. నాకు ఆ ముచ్చట అక్కర్లేదు. నా చెయ్యి కావాలి.

తర్వాత ఆయన బొమ్మ పడిన అద్దాన్ని, కాగితాన్ని కలిపి చట్రంలో బిగించి ఎండలో పెట్టాడు. చుట్టూ మూగాం. మెల్లగా అమ్మ మెడ వచ్చింది. రవిక అంచు వచ్చింది. తాళిబొట్టు వచ్చింది. దాని కింద బిళ్ళ వచ్చింది. బిళ్ళలో ఒక తెల్లటి మెరుపు తప్ప ఇంకేమీ లేదు. నాయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, దూరంగా పెట్టి చూశాడు. స్టేషన్‌లో రైలు వచ్చి వెళ్ళిపోయాక, దిగాల్సిన మనిషి దిగకపోతే ఎట్లా నిలబడతారో అట్లా నిలబడ్డాడు.

"తలకాయ లేని మనిషి బొమ్మ ఇంట్లో ఉండగూడదు" అంది జేజి. నీళ్ళు కాచే పొయ్యిలో పడేయడానికి చేతిలోకి తీసుకుంది.

"అది అమ్మ గదా జేజీ!" అని అరిచాను.

"మీ అమ్మ ఎదురుగానే ఉండాది గదే. పటం ఏం జేసుకుంటావు?"

పొయ్యిలో ఆ కాగితం చుట్టుకుపోయి మండడం నేను చూశాను. అమ్మ చూడలేదు, సాయిబుకు మజ్జిగ కలుపుతోంది.

ఉపాయం చెప్పింది కూడా జేజే. నాయన దిగాలు చూడలేక, అక్క గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, "అచ్చు గుద్దినట్టు తల్లే గదా ఇది. దానికి ఆ చీర కట్టించి నిలబెడితే ఎండ ఆమెనే రాస్తాది" అంది.

పెద్దమ్మ పెళ్ళిచీర పెట్టెలోంచి బయటికి వచ్చింది. కర్పూరం, ఎండిన మొగలిరేకుల వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ చీరను నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. అమ్మే అక్కకు కట్టింది. కుచ్చిళ్ళు నిలవకపోతే మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క మడతా సవరించింది. తల దువ్వి, జడ అల్లి, కనకాంబరాలు పెట్టింది, కాటుక దిద్దింది. నేను గుమ్మంలో నిలబడి, "నాకు?" అన్నాను. "ఆడ కూసో" అంది అమ్మ, నాకేసి చూడకుండానే.

గోడ ముందు నిలబెట్టాక అక్క అడిగింది. "నేను నిలబడితే అమ్మ పడ్తాదా?"

సాయిబు అమ్మ మొహం చూశాడు. జేజి ఎటో చూసింది. అమ్మే వెళ్ళి దాని భుజం మీద కొంగు సర్ది, "పడ్తాది. నువ్వు కదలాకు, అంతే" అని చెప్పింది.

సాయిబు వెనక నిలబడి నేను నాలుక బయటపెట్టాను, కళ్ళు తిప్పాను, కోతిలా గంతులేశాను. మామూలుగా అయితే అక్కకు నవ్వాగదు. ఆ రోజు కనురెప్ప కూడా వేయలేదు.

ఈసారి చట్రంలోంచి కాగితం తీసినప్పుడు జేజి బావురుమంది. నాయన కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "ఆమే" అన్నాడు. అక్క చాలాసేపు చూసి, "అమ్మ ఇంత చిన్నదా?" అంది. మా ఇంట్లో ఉన్న అద్దం అరచేతి అంత, అందులో బొట్టు కనపడితే ముక్కు కనపడదు. అక్క తనను తాను అట్లా నిలువెత్తున ఎప్పుడూ చూసుకోలేదు. అది నువ్వేనని ఎవరూ దానికి చెప్పలేదు కూడా. సాయిబు మందునీళ్ళలో బాగా కడిగి, అది నా చెయ్యిలా మాయం కాకుండా గట్టి చేసి ఇచ్చిపోయాడు.

పటం నడింటి గోడకెక్కింది. రోజూ పూలు, దీపం. నాయన చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే తలెత్తి అటు చూసేవాడు. అక్క వెళ్ళేటప్పుడు "పోయొస్తా అమ్మా" అని, వచ్చినప్పుడు "వచ్చినా అమ్మా" అని గోడకు చెప్పేది. నేను చూస్తూ కుతకుత ఉడికిపోయేదాన్ని.

నాతో పాటు ఇంకొకరు కూడా ఉడుకుతున్నారని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. అన్నేళ్ళు ఆ బిళ్ళను మెడలో మోసి, దానికి ముందు పెట్టి తర్వాత తిని, ఒక్క మాట అనని అమ్మ, నాయన గోడకేసి చూసినప్పుడల్లా చేతిలో పని గట్టిగా చప్పుడయ్యేలా చేసేది. బిళ్ళకు మొహం లేదు. మొహం లేని సవతితో కాపురం చేయడం వేరు. ఇప్పుడు ఆమెకు పెద్ద కళ్ళున్నాయి, తల్లో పూలున్నాయి, ఎప్పటికీ ముసలిది కాదు.

ఒకరోజు నాయనకు అన్నం పెడుతూ అమ్మ అడిగింది. "సాయిబు కంభం తిరనాళ్ళకు వస్తాడంట. నన్ను గూడా ఒగటి తీపిచ్చు."

నాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు ఈడనే ఉండావు గదా! నీకెందుకు పటం?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పటమంటే లేని మనిషి కోసమే అని ఆయన నమ్మకం. అమ్మ చారు పోసింది.

ఆ తర్వాత వచ్చిన పండగనాడు జేజి కొత్త మాట చెప్పింది. "ఇంక మొదటి భక్ష్యం పటానికే పెట్టండి. మొహం ఉండాది గదా, బిళ్ళకెందుకు?" అంది. అమ్మ చేతిలో పళ్ళెం ఉంది. దాన్ని కింద పెట్టి, మెడలోని తాడు బయటికి లాగి, బిళ్ళను విప్పి ఒక దారానికి ఎక్కించింది. స్టూలెక్కి పటం మేకుకు తగిలించింది. బిళ్ళ జారి పటంలోని మనిషి గొంతు దగ్గర ఆగింది.

"ఆమెకు మొహమొచ్చింది, గోడొచ్చింది, భక్ష్యమొచ్చింది. ఇంక నా మెడలో ఆమెకేం పని? ఆమెది ఆమెకిచ్చేసినా" అంది. అమ్మ గొంతు అట్లా పలకడం ఎప్పుడూ వినలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

జేజి గుండెలు బాదుకుంది. "ఏం పనే నీది! బతికుండే పిల్ల మెడకు సచ్చినదాని బిళ్ళ తగిలిస్తావా?"

పటంలో ఉన్నది ఎవరో మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ నోరు విప్పి అనలేదు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. అమ్మనే చూస్తూ, "అమ్మా, అది నేనా?" అని అడిగింది.

అమ్మ స్టూలు మీదే ఉంది. ఒక చెయ్యి ఇంకా మేకు మీదే ఉంది. పటంలోని అక్క గొంతుకు వేలాడుతున్న ఆ బిళ్ళను చూసి, ఏదో వేడిది తగిలినట్టు చప్పున లాక్కుంది. దిగి, తాడుకు మళ్ళీ ఎక్కించుకుని, ముడి వేసుకుని, జాకెట్లోకి తోసేసుకుంది.

"కాదు తల్లీ. నువ్వెందుకయితావు? అది మీ అమ్మే. నాకే మతి లేక ఏదో అన్నా. దా, భక్ష్యం తిందువు, వేడిగా ఉండాది" అని దాన్ని దగ్గరికి తీసుకుంది.

ఆ పటం మీద అమ్మ మళ్ళీ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. తననొకటి తీయించమని కూడా అడగలేదు. నా ఉక్రోషం మాత్రం చెప్పనలవి కాదు. అమ్మ మొదటిసారి నా పక్షాన నిలబడింది, నిలబడి, మళ్ళీ అక్క దగ్గరికే వెళ్ళిపోయింది.

అక్క పెళ్ళయి గిద్దలూరు వెళ్తూ పటాన్ని చీరల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళింది. జేజి పోయింది. కొన్నేళ్ళకు అమ్మ జ్వరంతో పోయింది, నాయన కన్నా ముందే. అప్పటికి మార్కాపురంలో స్టూడియోలు కూడా వచ్చాయి. అమ్మను ఎవరూ తీసుకెళ్ళలేదు, అమ్మ అడగలేదు.

అక్క బాగా ముసలిదయ్యాక ఒకసారి వాళ్ళింట్లో ఆ పటం ముందు దీపం వెలిగిస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "అది నువ్వేనని నీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?"

"అనుమానమేంది? నా మొహం నాకు తెలీదా?" అంది అక్క, వత్తి సరిచేస్తూ. "నువ్వు నిలబడు, మీ అమ్మ పడ్తాది అని ఆ పొద్దు అమ్మ చెప్పింది. ఆమె నాతో ఎప్పుడన్నా అబద్ధమాడిందా?"

అమ్మ అని అక్క అన్నది మా అమ్మను. దానికి ఇద్దరు తల్లులూ అట్లా ఒకే పటంలో దొరికారు.

నేనూ రోజూ కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకుంటాను. గొంతు గుర్తుంది. చేతులు గుర్తున్నాయి. మెడ బాగా గుర్తుంది, తాళిబొట్టు, దాని కింద బిళ్ళ, రవిక అంచు, అన్నీ. ఇంకొంచెం పైకి చూద్దామని వెళ్తాను. గడ్డం దగ్గరికి వచ్చేసరికి సాయిబు తీసిన ఆ కాగితం అంచు వచ్చేస్తుంది.

సాయంత్రం అక్క మనవడు మళ్ళీ ఫోన్ చేశాడు. "చూసినావా అవ్వా? మా ముత్తవ్వ ఇట్లే ఉండేదా?"

"ఇట్లే ఉండేది నాయనా. ఏమీ మారలా. బాగా పెద్దగా చేపించు" అన్నాను.

వాడు సంతోషించి పెట్టేశాడు. నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, ఆ చిన్నవాణ్ణి చూసి కూడా కుళ్ళుకుంటూ. వాడికి ముత్తవ్వ మొహం కూడా ఉంది. నాకు అమ్మ మొహం లేదు.